లెక్క

మా తట్టు దుడ్డునీ లెక్కనే అంటాం.
"లెక్కుందా?" అంటే
చేతిలో ఏమన్నా ఉందా అని.
"లెక్క లేదు సామీ" అనే మాట
పొద్దున్నుంచి నలబై గడపల్లో విన్నాను.
ఎవరి దగ్గరా లెక్క లేదు,
నా దగ్గర మాత్రం పక్కాగా ఉంది:
వార్డు, డోరు నంబరు, అరసంవత్సరాలు, వడ్డీ.

మార్చి ముప్పై ఒకటి.
చిత్తూరు, పెనం మీద వేసి మరిచిపోయిన దోసె.
నా స్కూటర్ వెనక దామోదరం,
వాడి ఒళ్ళో గోనెసంచి,
సంచిలో కొళాయిలు పీకే పానా.

గ్రీమ్స్‌పేటలో ఒకాయన కుక్కను వదిలినాడు.
మిట్టూరులో ఒకామె మజ్జిగ ఇచ్చి
పొంగే కాలవను చూపించింది,
"దీనికా పన్ను?" అని.
తాగిన మజ్జిగ ఇంగా గొంతులో ఉండగా
జవాబు చెప్పడం కష్టం.
కల్యాణమండపం ఓనరు ఏసీ గదిలో కూచోబెట్టి
కోర్టు స్టే కాగితం చేతికిచ్చినాడు,
పెండ్లిపత్రిక ఇచ్చినంత మర్యాదగా.
లిస్టులో అందరికంటే పైనుండే పేరు
ఒక సర్కారు ఆఫీసుది. పద్దెనిమిది లక్షలు.
ఆ కొళాయికి సరిపోయే పానా
దామోదరం సంచిలో లేదు.
అందుకే కింది నుంచి మొదలుపెట్టినాం.

సంతపేట చివర, రేకుల ఇల్లు.
కె. మొగిలప్ప, లారీలకు పట్టలు కుట్టేవాడు.
బాకీ పదకొండు వేల ఆరువందల నలబై.
నా పద్ధతి ప్రకారం వీధి నడుమ నిలబడి
నాలుగిండ్లకు వినపడేటట్టు పిలిచినాను:
"మొగిలప్పా! ఓ మొగిలప్పా! ఇంటి పన్ను!"
నోటీసుకు రాని లెక్క సిగ్గుకు వస్తుంది.
ఇరవై రెండేండ్ల సర్వీసులో
నేను నేర్చుకున్నది ఇదొక్కటే.

చెంగమ్మ బయటికొచ్చింది,
చేతిలో దబ్బనం, దానికి పురికోస వేలాడతా.
సగం కుట్టిన పట్ట
ఆమె వెంట గుమ్మం దాకా పాక్కుంటా వచ్చింది.
"ఆయన పోయి ఏడేండ్లయింది గదా అబ్బోడా."
వచ్చిన ప్రతిసారీ అనేదే.
"నాకు తెలుసక్కా. కాగితానికి తెలీదు.
ఈ పొద్దొక్కటే వడ్డీ మాఫీ.
అసలు కట్టు, మరణ పత్రం ఇయ్యి,
ఇల్లు నీ పేరుకు మార్పిస్తా."

లోపలికి పోయి పౌడరు డబ్బా తెచ్చింది.
పట్టల మైనం వాసన కొట్టే నోట్లు,
వడ్డీ పోను ఎనిమిది వేల నూటిరవై,
ఎప్పుడో ఎంచి రబ్బరు వేసిపెట్టినట్టున్నాయి.
"ఉంచుకోనే ఇన్నాళ్ళూ తిప్పినావా నన్ను?"

దారాన్ని పంటితో కొరికింది. తుంచిన ముక్కను
వేలికి చుట్టుకుంటా నిలబడింది.
"పేరు మార్చబాక," అనింది.
"రేషన్ కార్డులో తీసేసినారు.
ఓట్ల లిస్టులో కొట్టేసినారు.
మావోడు ఫోన్లోంచి ఆ నంబరే పీకేసినాడు.
ఏడాదికి రెండు తూర్లు
ఈ వీధిలో నిలబడి ఆ పేరు గట్టిగా పిలిచేది
నువ్వొక్కడివే.
బాకీ లేకుంటే పిలుస్తావా?"

మిషన్ కిర్రుమని రసీదు కక్కింది.
చదవడం రాదు ఆమెకు,
పేరు యాడుందో అడిగి
బొటనవేలు దాని మీద పెట్టింది.
"ఈ అచ్చు నిలవదక్కా," చెప్పినాను,
"ఆర్నెల్లకు తెల్లకాగితమైపోతుంది."
"ఆర్నెల్లకు నువ్వొస్తావు గదా," అనింది.

దామోదరం సంచి కింద పెట్టి
పీకుదామని వచ్చిన కొళాయి కిందే
దోసిలి పట్టినాడు.

సాయంత్రం మీటింగులో
కమిషనరు వసూళ్ళ శాతం చదివినాడు, చప్పట్లు కొట్టినాం.
పద్దెనిమిది లక్షల పేరు పైన అట్లే ఉంది.
ఆయన చదవతా ఉండగానే
డైరీలో సెప్టెంబరు తీసి రాసుకున్నాను:
సంతపేట చివర, రేకుల ఇల్లు.
లెక్క లేదు.
పిలవాల.